జూనో-106 కొనాలా, దాని సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టుకోవాలా?

పానగల్లు పాట (నల్గొండ):

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి మేడ మీది గదిలో నేను పల్లె పాటలు, బతుకమ్మ పాటలు రికార్డు చేస్తుంటాను. మిర్యాలగూడలో ఏళ్ల తరబడి పెళ్లి ఆర్కెస్ట్రా నడిపిన ఒక పెద్దమనిషి ఇప్పుడు ఓపిక తగ్గి, తన రోలండ్ జూనో-106ను అమ్ముతానంటున్నారు. 1984లో వచ్చిన ఆరు వాయిస్‌ల (అంటే ఒకేసారి ఆరు స్వరాలు పలికే), 61 మెట్ల అనలాగ్ సింథ్, అంటే విద్యుత్ సర్క్యూట్లతో శబ్దం పుట్టించే కీబోర్డు అది. ఆయన బంధువు ఓడ ఉద్యోగంలో ఉండగా జపాన్ నుంచి తెచ్చారట. లక్షా నలభై వేలు అడుగుతున్నారు.

నా కంప్యూటర్లో ఇప్పటికే రోలండ్ వారి సొంత జూనో-106 సాఫ్ట్‌వేర్ ఉంది, దానితోనే చాలా పాటలు చేశాను. ఊళ్లో వాళ్లకు ఏ కీబోర్డయినా క్యాసియోనే కాబట్టి, వినేవారి కోసం కొంటున్నానని నన్ను నేను మభ్యపెట్టుకోలేను. నా సందేహం ఒక్కటే: అసలు పెట్టెకూ, దాన్ని అనుకరించే సాఫ్ట్‌వేర్‌కూ మధ్య ఉన్న తేడా చెవికి నిజంగా తెలిసేదేనా, లేక పాత వస్తువు మీది మమకారమే చెవిలో చేరి అలా వినిపిస్తుందా? వాడినవారు చెప్పగలరు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):

తమ్ముడూ, ఆలోచించకుండా తీసుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి స్వరం అచ్చుగుద్దినట్టు ఒకేలా వస్తుంది. అనలాగ్ పెట్టెలో ఆసిలేటర్లు, అంటే స్వరాన్ని పుట్టించే సర్క్యూట్లు, వేడికి అటూ ఇటూ కదులుతుంటాయి కనుక ఏ రెండు స్వరాలూ ఒకటి కావు, ఆ కదలికలోనే దాని ప్రాణం ఉంది. నేను హైదరాబాద్‌లో ఒక స్టూడియోలో సహాయకుడిగా పనిచేసిన రోజుల్లో మినీమూగ్ అనే పాత అనలాగ్ సింథ్ మీద రెండు ఆసిలేటర్లను ఒకే స్వరంలో కలిపి ఒక్క మెట్టు నొక్కి పట్టుకుంటే, ఆ స్వరం ఊపిరి తీస్తున్నట్టు నెమ్మదిగా కదిలేది. అదే ప్రయోగం ఆనాటి ప్లగిన్‌లో (కంప్యూటర్లో నడిచే సింథ్ సాఫ్ట్‌వేర్‌లో) చేస్తే గోడకు కొట్టిన మేకులా కదలకుండా నిలబడేది. జూనోలో కూడా మీకు ఆ ఊపిరే దొరుకుతుంది.

కోడు గది (సూర్యాపేట):

పిల్లలమర్రి అన్న చెప్పినది మినీమూగ్ విషయంలో నిజం, జూనో విషయంలో సరికాదు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం వల్లనే ఇలాంటి చర్చలు ఎటూ తేలకుండా పోతుంటాయి కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

1970లో వచ్చిన మినీమూగ్‌లో ఉన్నవి ఓల్టేజీతో నడిచే ఆసిలేటర్లు. ఒక ఓల్టు పెరిగితే శ్రుతి ఒక స్థాయి పెరగాలన్నది వాటి నియమం. ఓల్టేజీ కూడికల్లో పెరుగుతుంది, పౌనఃపున్యం మాత్రం రెట్టింపులలో పెరగాలి కనుక, ఆ మార్పిడిని ఒక ట్రాన్సిస్టర్ జంట చేత చేయిస్తారు. ఆ ట్రాన్సిస్టర్ స్వభావం దాని పరమ ఉష్ణోగ్రత మీద ఆధారపడి ఉంటుంది, అంటే ఒక్కో డిగ్రీకి సుమారు 0.33 శాతం చొప్పున లెక్క మారుతుంది. మన నల్గొండ లెక్కే వేసుకుందాం. 25 డిగ్రీల ఏసీ గదిలో శ్రుతి చేసిన పెట్టెను, కరెంటు పోయి 40 డిగ్రీలకు చేరిన గదిలో వాయిస్తే, పరమ ఉష్ణోగ్రత 298 నుంచి 313కు, అంటే అయిదు శాతం పెరుగుతుంది. వేడిని సరిదిద్దే ఏర్పాటు ఏదీ లేని పక్షంలో 1200 సెంట్లు (పక్కపక్క మెట్ల మధ్య దూరం 100 సెంట్లు) ఉండవలసిన స్థాయి సుమారు 1143 సెంట్లకు కుంచించుకుపోతుంది. అర మెట్టుకు మించిన అపశ్రుతి అది. దీన్ని ఎదుర్కోవడానికే వేడితోపాటు విలువ పెరిగే ప్రత్యేకమైన రెసిస్టర్లను వాడేవారు. అవి చాలావరకు సరిచేసేవి, పూర్తిగా కాదు. ఆ మిగిలిపోయిన కొద్దిపాటి కదలికనే మనం ఊపిరి అంటున్నాం. 1978లో వచ్చిన ప్రోఫెట్-5 అనే సింథ్‌లో అయిదు వాయిస్‌లనూ యంత్రమే శ్రుతి చేసుకునే మీట పెట్టవలసి వచ్చిందంటే, అది ఆనాటివారికి అందం కంటే ముందు తలనొప్పి అన్నమాట.

ఇక జూనో-106 సంగతికి వద్దాం. దానిలో ఉన్నవి డిజిటల్ అదుపులో ఉండే ఆసిలేటర్లు. ఒక స్థిరమైన గడియారపు పల్సులను ఒక చిప్పు లెక్కపెట్టి, కావలసిన అంకె రాగానే కెపాసిటర్‌ను ఖాళీ చేయిస్తుంది. తరంగం ఆకారం అనలాగే అయినా, శ్రుతి మాత్రం గడియారానిది. మే నెలలో మధ్యాహ్నం మూడింటికి తలుపులు తెరిచి పెట్టినా అది శ్రుతి తప్పదు. పైగా ఒక్కో వాయిస్‌కు ఒక్క ఆసిలేటరే, దాని కింది స్థాయిలో ఒక సబ్ ఆసిలేటర్ ఉన్నా అదీ ఆ గడియారానికే కట్టుబడి ఉంటుంది. కాబట్టి అన్న చెప్పిన కదలిక కోసమే అయితే జూనో కొనడం దండగ.

జోగులాంబ బీటు (గద్వాల):

అయితే జూనో శబ్దం అంత నిండుగా ఎలా ఉంటుందో కూడా మీరే చెప్పాలి కదా సార్.

కోడు గది (సూర్యాపేట):

ముఖ్యంగా కోరస్ వల్ల, అంటే శబ్దాన్ని వెడల్పు చేసే ఎఫెక్ట్ మీటల వల్ల. ఆ మీటలు ఆపేసి వింటే జూనో చాలా బక్కపలచని పెట్టె.

ఆ కోరస్‌లో ఎంఎన్3009 అనే చిప్పులు రెండు ఉంటాయి. చెరువు పూడిక తీసేటప్పుడు మనుషులు వరుసగా నిలబడి మట్టి తట్టలను ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి అందించుకున్నట్టు, ఒక్కో చిప్పులోని 256 అంచెలు శబ్దపు విద్యుదావేశాన్ని ఒకదాని నుంచి మరొకదానికి అందిస్తూ పోతాయి. అందించే వేగాన్ని నెమ్మదిగా పెంచి తగ్గిస్తే ఆలస్యం మారుతుంది, ఆలస్యం మారుతున్న శబ్దాన్ని అసలు శబ్దంతో కలిపితే శ్రుతి కదిలినట్టు వినిపిస్తుంది. ఎడమకూ కుడికీ ఆ కదలికలు ఎదురెదురుగా సాగుతాయి కనుక శబ్దం వెడల్పయినట్టు తోస్తుంది. చేతులు మారేటప్పుడు తట్టలోంచి కొంత మట్టి ఒలికినట్టే ఇక్కడ కూడా ఎత్తు స్వరాల పదును కొంత పోయి, వెనుక సన్నని బుస చేరుతుంది. ఇదంతా సాఫ్ట్‌వేర్‌లో అనుకరించడం ఈనాడు పెద్ద కష్టం కాదు.

టంకం పొగ (మిర్యాలగూడ):

శబ్దం గురించి మీరు మాట్లాడుకోండి. నేను రిపేరు మనిషిని కనుక పెట్టె లోపల ఉన్నది చెప్తాను.

జూనో-106లో ప్రతి వాయిస్‌కు 80017ఏ అనే చిప్పు ఒకటి ఉంటుంది, ఫిల్టరు (శబ్దపు పదునును తగ్గించేది), ఆంప్లిఫయరు (గట్టితనాన్ని అదుపు చేసేది) రెండూ దాని లోపలే. తయారీలో దానికి పూసిన ఎపాక్సీ పూత కాలక్రమంలో విద్యుత్తును కారనిచ్చే స్థితికి వస్తుంది. అప్పుడు ఆ వాయిస్ చిటపటలాడుతుంది, లేదా మీట వదిలినా మోగుతూనే ఉంటుంది, లేదా పూర్తిగా మూగబోతుంది. ఆరు చిప్పులున్నాయి కాబట్టి లోపం ఆరుసార్లు నొక్కితే ఒకసారి బయటపడి, వాయించేవాడు తన వేలే తప్పు పడిందనుకుంటాడు. కీ ట్రాన్స్‌పోజ్ మీట నొక్కి పట్టుకుని పవర్ వేస్తే టెస్ట్ మోడ్ వస్తుంది. అందులో ఏ వాయిస్ మోగుతున్నదో తెరపై అంకె కనిపిస్తుంది కనుక, ఒక్కో వాయిస్‌ను విడివిడిగా విని చూడండి. చిప్పులను తీసి ఎసిటోన్‌లో నానబెట్టి పూత కరిగిస్తే కొన్ని బతుకుతాయి. బతకకపోతే ఇప్పుడు కొత్తగా తయారైన ప్రత్యామ్నాయాలు విదేశాల నుంచి దొరుకుతున్నాయి. కోఠి గుజరాతీ గల్లీలో కెపాసిటర్లు, రెసిస్టర్లు ఎన్నయినా దొరుకుతాయి గానీ, ఈ చిప్పు కోసం అక్కడ తిరిగి కాళ్లు నొప్పి పెట్టుకోవద్దు.

రెండో సంగతి మరింత ముఖ్యం. జపాన్ నుంచి వచ్చిందంటే అది 100 ఓల్టుల పెట్టె కావచ్చు. వెనుక చీటీ చదవకుండా ప్లగ్ పెట్టవద్దు. ఒక పెళ్లి బృందం వారు ఇలాంటి జపాన్ కీబోర్డునే నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి, కాలిన ట్రాన్స్‌ఫార్మర్ వాసనతో నా దగ్గరకు తెచ్చారు. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే సరిపోతుందని చాలామంది అంటారు, అదీ సగం మాటే. గోడలో 230 బదులు 260 వచ్చిన రోజున స్టెప్‌డౌన్ నుంచి 113 వస్తుంది. దానికి ముందు స్టెబిలైజర్ ఉండి తీరాలి, మూడో పిన్నుకు నిజమైన ఎర్తింగ్ ఉండాలి, లేకపోతే రికార్డింగ్‌లో హమ్మింగ్ వదలదు.

విద్యుద్విశ్లేష్య కెపాసిటర్ల ఆయుష్షు ప్రతి పది డిగ్రీల వేడికీ సగానికి సగం పడిపోతుందని మా వృత్తిలో ఒక మోటు లెక్క ఉంది. నలభై ఏళ్లు మన ఎండల్లో ఉన్న పెట్టె కనుక పవర్ సప్లయ్ కెపాసిటర్లు ఎలాగూ మార్చాలి. జ్ఞాపకానికి ఉన్న బ్యాటరీ కూడా లోపల టంకం వేసి ఉంటుంది, అది అయిపోతే దాచుకున్న 128 ప్యాచ్‌లూ (శబ్దాల అమరికలూ) పోతాయి. ఇవన్నీ లెక్కేసుకుని ధర మాట్లాడండి.

శ్రుతిపెట్టె (వనపర్తి):

నేను సింథ్ వాయించేదాన్ని కాను, పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్తాను. అయినా ఈ వాదన మా ఇంట్లో ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నదే కనుక ఒక మాట చెప్పాలనిపించింది.

మా దగ్గర చెక్క తంబుర ఉంది, ఎలక్ట్రానిక్ తంబుర ఉంది, ఇప్పుడు ఫోనులో తంబుర కూడా ఉంది. చెక్క తంబురకు గుర్రం మీద తీగల కింద జీవాళి అనే దారం పెడతాం. దాన్ని వెంట్రుకవాసి జరిపితే తీగ మోగే తీరు మారి, పై స్వరాలన్నీ ఒకదాని వెనుక ఒకటి విచ్చుకుంటాయి. ఎలక్ట్రానిక్ పెట్టె కొన్న కొత్తలో మా గురువుగారు అది విని, శ్రుతి సరిగ్గా ఉందిగానీ దారం లేదన్నారు. ఈనాటి ఫోను తంబురలు చాలావరకు అసలు తంబుర నుంచి రికార్డు చేసినవి, కళ్లు మూసుకుంటే పోల్చుకోలేను. అయినా సాధకు కూర్చున్నప్పుడు చెక్క తంబురనే తీస్తాను, ఎందుకంటే శ్రుతి చేయడానికి పట్టే ఆ పది నిమిషాల్లో నా చెవి పాటకు సిద్ధమవుతుంది. అది శబ్దంలో ఉన్న గుణం కాదని నాకు తెలుసు. మీరు కొనబోయే పెట్టె విషయంలో కూడా, మీకు కావలసింది శబ్దమా, ఆ పది నిమిషాలా అన్నది విడిగా చూసుకోవాలి.

అన్నట్టు, సింథసైజర్ మన దేశానికి సినిమాలతోనే వచ్చిందని చాలామంది అనుకుంటారు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో 1969లోనే అమెరికా సంగీతకారుడు డేవిడ్ ట్యూడర్ ఒక మూగ్ మాడ్యులర్ సింథసైజర్‌ను నెలకొల్పారు. అప్పటికి మినీమూగ్ ఇంకా బజారులోకి రాలేదు.

సాఫ్ట్‌వేర్ వైపు నా సాక్ష్యం కూడా ఒకటి ఉంది. కీబోర్డు మీది అంతర గాంధారం షడ్జం నుంచి 400 సెంట్ల దూరంలో ఉంటుంది. తంబుర తీగలో సహజంగా పలికే గాంధారం 386 దగ్గర ఉంటుంది. ఆ పద్నాలుగు సెంట్ల తేడా నా చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. మా శిష్యుడొకడు తన ప్లగిన్‌లో స్వరస్థానాల పట్టికనే మార్చి చూపించాడు. జూనోలో ఆ వీలు ఉందా?

కోడు గది (సూర్యాపేట):

లేదండీ. జూనో-106 సమాన విభాగపు శ్రుతిలోనే పలుకుతుంది, స్వరానికి స్వరం సవరించే మార్గం దానిలో లేదు. గమకం కావాలంటే స్వరాన్ని వంచే బెండర్, ఒక స్వరం నుంచి మరొకదానికి జారే పోర్టమెంటో మాత్రమే దిక్కు. పాత జూనో-60లో ఆ పోర్టమెంటో కూడా లేదు.

పిల్లలమర్రి నీడ (మహబూబ్‌నగర్):

జూనో శ్రుతి గురించి నేను తొందరపడ్డానని ఒప్పుకుంటున్నాను. ఇన్నేళ్లుగా జూనో కోరస్ కదలికను ఆసిలేటర్ కదలిక అనుకుంటూ వచ్చానన్నమాట. అయితే ఫిల్టరు విషయంలో వెనక్కి తగ్గను. మినీమూగ్‌లో మిక్సర్ నాబులను సగం దాటించి పెంచితే, నిచ్చెన ఆకారంలో పేర్చిన ట్రాన్సిస్టర్ జంటల ఫిల్టరు ఆ ఒత్తిడికి మెల్లగా నలుగుతూ ఒక మందమైన శబ్దం ఇస్తుంది. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి ఒక తీగను తెచ్చి బయటి ఇన్‌పుట్‌లో గుచ్చి, ఆ నలుగుడును ఇంకా పెంచే చిట్కా కూడా మా స్టూడియోలో వాడేవాళ్లం. ఎక్కడ ఆపాలో చేతికి తెలిసేది. మౌసుతో తెర మీద బొమ్మ నాబు తిప్పేవారికి ఆ తెలివిడి ఎక్కడ నుంచి వస్తుంది?

ఇంకొకటి. నాబు అనలాగ్ అయితే మధ్యలో మెట్లుండవు. సాఫ్ట్‌వేర్‌కు మిడి (వాయిద్యాల మధ్య ఆదేశాలు పంపే పద్ధతి) ద్వారా పంపితే సున్నా నుంచి 127 దాకా 128 మెట్లే. నెమ్మదిగా కటాఫ్ (ఫిల్టరు ఎక్కడ నుంచి కోయాలో చెప్పే నాబు) తెరిచినప్పుడు ఆ మెట్లు వినబడతాయి.

కోడు గది (సూర్యాపేట):

అన్నా, ఫిల్టరు మాటలో మీతో ఏకీభవిస్తాను. అసలు తేడా ఎక్కడైనా ఉంటే అక్కడే ఉంది. మెట్ల మాట మాత్రం జూనోకే తగులుతుంది: దాని స్లైడర్ స్థానాన్ని లోపలి ప్రాసెసర్ అంకెగా మార్చి చదువుతుంది, మిడి ద్వారా బయటికి పంపేదీ సున్నా నుంచి 127 దాకానే. ఈనాటి ప్లగిన్లు తమ లోపల అంతకంటే సన్నని అంకెలతో, మెట్లను నునుపు చేసుకుంటూ నడుస్తాయి. ఈ ఒక్క విషయంలో నకలు అసలుకంటే ఎక్కువ అనలాగ్‌గా ఉందంటే నవ్వు వస్తుంది.

ఫిల్టరు ఎందుకు కష్టమో చెప్తాను. మూగ్ ఫిల్టరులో నాలుగు అంచెలు దాటిన శబ్దంలో కొంత భాగం తిరిగి మొదటికి వస్తుంది, అదే రెజొనెన్స్. తీగల్లో ఈ ప్రయాణం ఆలస్యం లేకుండా జరిగిపోతుంది. కంప్యూటర్ మాత్రం శబ్దాన్ని సెకనుకు 44,100 ముక్కలుగా కోసి లెక్కిస్తుంది కనుక, ఈ ముక్క ఫలితం తెలిస్తే తప్ప వెనక్కి పంపలేదు, వెనక్కి పంపితే తప్ప ఈ ముక్క ఫలితం తేలదు. తొలినాటి ప్రోగ్రామర్లు దీన్ని తప్పించుకోవడానికి గత ముక్కను వెనక్కి పంపి సరిపెట్టారు. ఒక్క ముక్క ఆలస్యమే కదా అనిపిస్తుంది, కానీ కటాఫ్ పైకి వెళ్లేకొద్దీ రెజొనెన్స్ శ్రుతి తప్పుతుంది, ఫిల్టరు గీరినట్టు పలుకుతుంది. స్టైన్‌బర్గ్ వారి వీఎస్‌టీ అనే ప్లగిన్ పద్ధతి 1996లో వచ్చాక వెలువడిన మొదటి తరం నకళ్లకు చెడ్డపేరు రావడంలో దీనికి పెద్ద పాత్రే ఉంది. తరువాత ప్రతి ముక్క దగ్గరా ఆ చిక్కు సమీకరణాన్ని నిజంగానే సాధించే పద్ధతులు వచ్చాయి. 2011లో వచ్చిన యు-హీ వారి దివా ప్లగిన్ ఆ బాటలో నడిచినదే. నాణ్యతను అన్నిటికంటే పై మెట్టులో పెడితే పాత ల్యాప్‌టాప్ ఫ్యాన్ గిర్రున తిరుగుతుంది, అంత లెక్క జరుగుతోందని దానికదే సాక్ష్యం.

రెండో చిక్కు అలియాసింగ్, అంటే లేని స్వరాలు పుట్టుకురావడం. 2000 హెర్ట్‌జ్ రంపపు తరంగాన్ని జాగ్రత్త లేకుండా తయారు చేశారనుకోండి. దాని పన్నెండో హార్మోనిక్ (పన్నెండు రెట్ల పౌనఃపున్యం) 24,000 హెర్ట్‌జ్ దగ్గర ఉండాలి, కానీ 44,100లో సగమైన 22,050 దాటినది ఏదీ ఆ లెక్కలో ఇమడదు కనుక అది మడత పడి 20,100 దగ్గర తేలుతుంది. అలా మడతలు పడుతూ ఇరవై రెండో హార్మోనిక్ ఏకంగా 100 హెర్ట్‌జ్ దగ్గర, అసలు స్వరానికి ఏ సంబంధమూ లేని చోట, సన్నగా మోగుతుంది. ప్లగిన్ శబ్దం ప్లాస్టిక్‌లా ఉందని వెనకటి రోజుల్లో అన్నవారి చెవులు తప్పు వినలేదు, వారు విన్నది వీటినే కావచ్చు. ఈనాటి మంచి ప్లగిన్లు మూలలను ముందే నునుపు చేసి, ఎక్కువ ముక్కలతో లెక్కించి దీన్ని చాలావరకు అణచివేశాయి.

జోగులాంబ బీటు (గద్వాల):

డీఎక్స్7 గురించి కూడా ఎవరైనా చెప్తారా? నా స్నేహితుడొకరు అసలు పెట్టె కోసం తెగ వెతుకుతున్నారు.

కోడు గది (సూర్యాపేట):

1983 నాటి యమహా డీఎక్స్7 పుట్టుకతోనే డిజిటల్. ఆరు ఆపరేటర్లు, 32 అల్గారిథమ్‌లు, అంతా అంకెల లెక్క. చివర శబ్దంగా మారే చోట ఉన్న పాతకాలపు మార్పిడి చిప్పు గరుకుదనం తప్ప, మిగిలినదంతా సాఫ్ట్‌వేర్‌లో తిరిగి కట్టవచ్చు. డెక్స్‌డ్ అనే ప్లగిన్ ఉచితంగానే దొరుకుతుంది, అసలు పెట్టె ప్యాచ్‌లను కూడా తెరుస్తుంది. మీ స్నేహితుణ్ణి ముందు అది వాడి చూడమనండి.

జోగులాంబ బీటు (గద్వాల):

కృతజ్ఞతలు. నా మాట కూడా ఒకటి చెప్పి తప్పుకుంటాను. చరణ్‌జీత్ సింగ్ అనే ముంబై సంగీతకారుడు 1982లో రోలండ్ వారి జూపిటర్-8 సింథ్, టీబీ-303 బేస్ యంత్రం, టీఆర్-808 డ్రమ్ యంత్రాలతో హిందుస్తానీ రాగాలను డిస్కో తాళంలో వాయించి రికార్డు చేశారు. ఆనాడు అవి ఆయనకు పాతకాలపు అపురూప వస్తువులు కావు, బజారులోకి వచ్చిన కొత్త పనిముట్లు. టీబీ-303లో ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే ఏర్పాటు మన జారుకు దగ్గరగా ఉందని ఆయన చెవి పట్టింది. ఈనాడు మన చేతికి అందే కొత్త పనిముట్టు ల్యాప్‌టాప్. డప్పు, గొంతు, వంతపాట, బేస్ అన్నీ పడ్డాక వెనుక పరిచిన ప్యాడ్ (నిలిచి మోగే స్వరాల పొర) జూనోదా, ప్లగిన్‌దా అని ఫోను స్పీకర్లో వినేవారు చెప్పగలరంటే నేను నమ్మను.

పానగల్లు పాట (నల్గొండ):

అందరి మాటలూ చదివి ఆదివారం మిర్యాలగూడ వెళ్లి వచ్చాను. వెనుక చీటీ చూస్తే 100 ఓల్టులే. ఆ పెద్దమనిషి ఇన్నేళ్లుగా స్టెప్‌డౌన్ పెట్టే వాడారట. మా గాయని, డప్పు కొట్టే తమ్ముడు కూడా వచ్చారు. ల్యాప్‌టాప్ నుంచి ఒకే మిడి ట్రాక్‌ను అసలు పెట్టెకూ సాఫ్ట్‌వేర్‌కూ పంపి, రెంటినీ రికార్డు చేసి, ఏది ఏదో చెప్పకుండా వినిపించాను. ముగ్గురం కూడా అసలు పెట్టెనే బాగుందన్నాం. గుండె జారిపోయింది, డబ్బు సిద్ధం చేసుకోవాలనుకున్నాను.

ఇంటికొచ్చి చూస్తే అసలు పెట్టె రికార్డింగు ఒకటిన్నర డెసిబెల్ ఎక్కువ ఉంది.

కోడు గది (సూర్యాపేట):

అయితే ఆ పరీక్ష చెల్లదు తమ్ముడూ. కొంచెం గట్టిగా ఉన్నదాన్ని చెవి గట్టిగా ఉందని చెప్పదు, బాగుందని చెప్తుంది. రెంటినీ 0.1 డెసిబెల్ తేడా లోపలికి తెచ్చి, కనీసం పది ముక్కలు కలగాపులగంగా వినిపించండి. పదిలో ఆరు సరిగ్గా చెప్పారని సంబరపడవద్దు: నాణెం ఎగరేసి చెప్పినా వందలో 38 సార్లు ఆరో, అంతకంటే ఎక్కువో వస్తాయి. తొమ్మిదో, పదో రావడం మాత్రం నాణెంతో అయితే వందలో ఒకసారే జరుగుతుంది.

రెండు రికార్డింగుల్లో ఒకదాన్ని తలకిందులు చేసి కలిపి, మిగిలినదే తేడా అని చూపించే పద్ధతిని ఇక్కడ వాడవద్దు. ఒకే జూనో మీద ఒకే స్వరాన్ని రెండుసార్లు రికార్డు చేసినా, కోరస్ కదలిక ఎక్కడ ఉండగా మెట్టు నొక్కామన్నది మారిపోతుంది కనుక ఆ రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకోవు.

పానగల్లు పాట (నల్గొండ):

మీరు చెప్పినట్టే మళ్లీ చేశాను. మా గాయని పదిలో ఆరు, తమ్ముడు ఐదు, నేను ఏడు సరిగ్గా చెప్పాం. నా ఏడులో రహస్యం కూడా చెప్పేస్తాను. కోరస్ వేసిన ముక్కల్లో స్వరం ఆగిపోయాక చివర మిగిలే సన్నని బుసను పట్టుకుని చెప్పాను, స్వరాన్ని విని కాదు. డప్పు, గొంతు కలిపిన ముక్కల్లో ముగ్గురమూ చేతులెత్తేశాం.

ఒక్కచోట మాత్రం తేడా స్పష్టంగా తెలిసింది. కటాఫ్‌ను సగానికి దించి, ఒకే స్వరాన్ని నెమ్మదిగా పదే పదే నొక్కితే, అసలు పెట్టెలో ఆరుసార్లలో ఒకసారి చిటపట వినిపిస్తోంది. టెస్ట్ మోడ్‌లో చూస్తే నాలుగో వాయిస్. మిగిలిన అయిదింటిలో కూడా ఒకటి కొంచెం చీకటిగా, ఒకటి కొంచెం వెలుతురుగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్‌లో నేను వాడే అమరికలో ఆ ఎగుడుదిగుడు లేదు. ఆ చిటపటను మినహాయిస్తే, నిజం చెప్పాలంటే, ఆ ఎగుడుదిగుడు నాకు నచ్చింది.

శ్రుతిపెట్టె (వనపర్తి):

బృందగానంలో ఆరుగురు పాడినట్టు అన్నమాట. అందరూ శ్రుతిలోనే ఉంటారు, గొంతులు మాత్రం వేరు.

కోడు గది (సూర్యాపేట):

సరిగ్గా అంతే మేడం. అది సాఫ్ట్‌వేర్‌లోనూ సాధ్యమే. దివాలో ఒక్కో వాయిస్‌కు వేరువేరుగా సవరణలు పెట్టే పేజీ ఉంది. కాకపోతే తయారైన ప్రీసెట్లతోనే పని కానిచ్చేవారు ఆ పేజీ తెరిచి చూడరు.

టంకం పొగ (మిర్యాలగూడ):

నాలుగో వాయిస్ చిటపట అంటే 80017ఏ పూత సమస్యే అయి ఉంటుంది. ఒకటి పోయిందంటే మిగిలిన అయిదూ వరుసలో నిలబడి ఉన్నాయని లెక్క. ఆరు చిప్పులు, కెపాసిటర్లు, బ్యాటరీ, స్టెబిలైజర్, నా కూలీ అన్నీ కలిపి ముప్పై అయిదు వేలకు తక్కువ కాదు. ఆ పెద్దమనిషికి ఈ మాట మర్యాదగా చెప్పండి, ఆయన ఆ పెట్టెతో ఎన్నో పెళ్లిళ్లు చేసినవారు.

పానగల్లు పాట (నల్గొండ):

చెప్పాను. తొంభై వేలకు ఇచ్చారు. పాటల కోసం అవసరం లేదని మీ అందరి మాటల వల్ల తేలిపోయాక కూడా ఎందుకు కొన్నానని మా ఇంట్లో అడిగారు. స్లైడర్లన్నీ ఒకే పలక మీద కళ్ల ముందు ఉండటం వల్ల ఫిల్టరు ఏం చేస్తుందో, ఎన్వలప్ (స్వరం లేచి పడే తీరును అదుపు చేసేది) ఏం చేస్తుందో ఆ ఒక్క మధ్యాహ్నంలో మా తమ్ముడికి అర్థమైంది, అదే సాఫ్ట్‌వేర్‌లో నేను ఆర్నెల్లుగా చెప్పినా ఎక్కలేదు. పాటల్లో మాత్రం సాఫ్ట్‌వేర్‌నే వాడతాను. మన కరెంటుకు అదే క్షేమం.

టంకం పొగ (మిర్యాలగూడ):

పెట్టె నా బల్ల మీద ఉంది. ఎసిటోన్‌తో అయిదు చిప్పులు బాగుపడ్డాయి. నాలుగోది బతకలేదు, దాని స్థానంలో కొత్తది తెప్పించి వేశాను. కెపాసిటర్లు మార్చాను, బ్యాటరీకి సాకెట్ పెట్టాను కనుక ఇకమీద టంకం లేకుండా మార్చుకోవచ్చు. చిటపట పోయింది. అయితే కొత్త చిప్పు మిగిలిన వాటికంటే కొంచెం ఎక్కువ తెరుచుకుని, వెలుతురుగా పలుకుతోంది. లోపల సవరించే ట్రిమ్మర్లున్నాయి, అరగంట పని, ఆరింటినీ ఒకేలా చేసేయమంటారా?

పానగల్లు పాట (నల్గొండ):

వద్దన్నా, నాలుగోదాన్ని అలాగే ఉంచండి. శనివారం వచ్చి తీసుకుంటాను.

కోడు గది (సూర్యాపేట):

తీసుకున్నాక ఆరు వాయిస్‌లనూ విడివిడిగా రికార్డు చేసి పంపండి తమ్ముడూ. ఎంతెంత తేడా ఉందో కొలిచి, ఆ అంకెలను దివాలో పెట్టి మీకు ఒక ప్యాచ్ చేసి ఇస్తాను.